లాకుల పాలీకి వచ్చిన జనం

చచ్చిపోయిన మనిషి కొట్లోకి నడిచొచ్చి "ఏమ్మా, ఇంకా కొట్టు కట్టెయ్యలేదేం?" అని అడిగితే మీకెలా ఉంటుందో నాకు తెలియదు. నా చేతిలో ఉన్న బన్నుల పళ్ళెం మాత్రం జారి కాళ్ళ మీద పడింది. సరే, అది తర్వాతి సంగతి. ముందు పాలీ గురించి చెప్పాలి. పాలీ ఎవరో తెలియకపోతే ఆ గురువారం మా ఊరు చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు.

మా ఊరికి పటంలో ఒక పేరు, నోట్లో ఒక పేరు. రోడ్డు పక్క బోర్డు మీద బార్నోల్డ్స్‌విక్ అని బారెడు పేరు రాసి ఉంటుంది. ఆ పేరు మొత్తం పలికినవాడు ఊరికి కొత్త అన్నమాట. మేము బార్లిక్ అంటాం. మనుషుల సంగతీ అంతే. ఇక్కడ రాయి విసిరితే ఓ హార్ట్‌లీకి తగులుతుంది, గురి తప్పితే ఓ పికిల్స్‌కి తగులుతుంది. ఆడపిల్ల పుడితే మేరీ అని, మగపిల్లాడు పుడితే జాన్ అని పెట్టేసి చేతులు దులుపుకుంటారు. ఇంకో పేరు ఆలోచించే ఓపిక మా వాళ్ళకి ఎప్పుడూ లేదు. అందుకని ఆ పని ఊరు చేస్తుంది. మా తాత ఎప్పుడో బండి మీంచి బెల్లప్పాకం పీపా జార్చి వీధంతా పాకం చేశాడట. ఆయన మొహం కూడా నేను చూడలేదు. అయినా ఈ రోజుకీ నేను పాకం హిల్డానే. పెళ్ళి చేసుకున్నా ఆ పేరు పోలేదు. చర్చి పుస్తకంలో రాసిన పేరుతో పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూస్తాను, ఎవర్ని పిలుస్తున్నారా అని.

పాలీ నాన్న నెడ్, గ్రీన్‌బర్‌ఫీల్డ్ దగ్గర కాలవ లాకులు చూసేవాడు. బొగ్గు పడవలు, పత్తి పడవలు వస్తే తలుపులు తీసి, నీళ్ళు నింపి పైకెక్కించడం ఆయన పని. ఆయన కంటే ముందు ఈ పిల్లే పరిగెత్తుకెళ్ళి తలుపు దూలానికి వీపు ఆనించి నెట్టేదట. వీపు చూసే లాకుల పాలీ అని గుర్తుపట్టొచ్చు, అంత వెడల్పు. పద్నాలుగో ఏట మిల్లులో మగ్గాల మీదకి వచ్చింది. నేను పనిలో చేరేనాటికి నా పక్క నాలుగు మగ్గాలూ ఆవిడవే.

మగ్గాల షెడ్డులో చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని అక్కడ మూతి మాటలే. గొంతు రాకుండా పెదాలు సాగదీసి మాట్లాడడం, అవతలివాళ్ళ పెదాలు చూసి చదువుకోవడం. నాకది నేర్పింది పాలీయే. షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకి, ఎవరికి నెల తప్పింది, ఎవరి మొగుడు తాగొచ్చాడు, అన్నీ ఓ చిన్న శబ్దం లేకుండా నడిచేవి. మేస్త్రీ మా మధ్యే తిరిగేవాడు. వాడి బట్టతల గురించి వాడి భుజం మీదుగానే మాట్లాడుకునేవాళ్ళం. ఆ మిల్లు మూతపడి, నేనీ రొట్టెల కొట్టు పెట్టుకుని నాలుగైదేళ్ళు అవుతోంది. అయినా మాకు ఆ మూతులు పోలేదు. బస్సులో ఇద్దరు ముసలమ్మలు పళ్ళు లేని నోళ్ళు సాగదీస్తూ కూర్చుంటే వాళ్ళు మా ఊరివాళ్ళే అనుకోండి.

పాలీ ముప్పై దాటేదాకా పెళ్ళి మాట ఎత్తలేదు. యుద్ధం రోజుల్లో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ మా ఊరొచ్చింది, దాంతోపాటు కొండ అవతల నెల్సన్ నుంచి హెర్బర్ట్ హార్ట్‌లీ అనే ఫిట్టరు వచ్చాడు. పాలీ వాణ్ణి కట్టుకుంటానంది. ఊరు నోరు నొక్కుకుంది. అప్పట్లో మేము యార్క్‌షైర్ జిల్లా, కొండ దిగితే లాంకషైర్ జిల్లా. ఆ గీత దాటి సంబంధం చేసుకోవడమంటే మా అమ్మ దృష్టిలో సముద్రం దాటినట్టే. పాపం హెర్బర్ట్ నెమ్మదైన మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగ. మా మూతి మాటలు వాడికి అర్థమయ్యేవి కావు. వాడి ముందే, వాడు పెట్టిన టీ తాగుతూ, వాడి చెవుల సైజు గురించి పాలీతో మాట్లాడాను నేను. తొమ్మిదేళ్ళ కిందట లండన్‌లో ఎవరో ఆ గీత జరిపి మా ఊరిని లాంకషైర్‌లో కలిపేశారు. ఆ వారమంతా హెర్బర్ట్ కనపడితే చాలు, "ఇదంతా నీ పనేగా" అనేవాళ్ళం. నవ్వేవాడు. వాడు నవ్వుతున్నాడు కదా అని మేము అంటూనే ఉన్నాం.

పిల్లలు లేరు. అందుకేనేమో, పాలీ ఊరందరి చావులూ నెత్తిన వేసుకుంది. మా దగ్గర చచ్చినవాణ్ణి మట్టి చేసి ఊరుకుంటే పరువు దక్కదు. వచ్చినవాళ్ళందరికీ చర్చి కింద గదిలో చల్లటి హామ్, రొట్టె, వెన్న, టీ పెట్టాలి. "హామ్‌తో సాగనంపారు" అంటే అంతకు మించిన మెప్పు లేదు. ఆ హామ్ కోసేది పాలీ. తెల్లటి ఆప్రాన్ కట్టుకుని, పొడుగాటి కత్తి నూరుకుని, పంది తొడని ఎదురుగా పెట్టుకుని నిలబడితే పాస్టరు కూడా పక్కకి తప్పుకునేవాడు. ఆవిడ కోసిన ముక్క ఎత్తి పట్టుకుంటే అవతల కూర్చున్నవాళ్ళ మొహం కనపడేది. అంత పల్చన. ఒక్క తొడతో ఊరందరికీ పెట్టేది. మా అమ్మకి, మా ఆయనకి, ఇద్దరికీ ఆవిడే కోసింది. మా ఆయన్ని సాగనంపిన రోజు నేను ఏడవకుండా కూర్చుంటే, ఆ చివర బల్ల దగ్గర్నుంచి మూతితో అంది, "ఏడువ్. నేను చూసుకుంటాలే." ఆ మాట ఇంకెవరికీ వినపడలేదు. నేను ఏడిచాను.

పాలీకి ఉన్న కోరిక ఒక్కటే. అది ప్రతి చావుకీ చెప్పేది, కత్తి తుడుచుకుంటూ. "నా చావుకి చర్చి మేడ మెట్ల మీద కూడా జనం నిలబడాలే హిల్డా. కూర్చోడానికి చోటు దొరక్కూడదు. చోటు దొరికితే లేచొచ్చి మరీ తంతాను."

"నీకు కొయ్యడానికి నువ్వుండవుగా. లావుగా కోస్తారు, సరిపోదు," అనేదాన్ని.

"అందుకే నీకు నేర్పుతున్నా మొద్దూ. పల్చగా కొయ్యి."

పోయిన చలికాలం మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మెట్లున్న ఇంట్లో ఉండలేక, హెర్బర్ట్ ఆవిణ్ణి నెల్సన్‌లో వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్ళాడు. బాగవుతోందని కబురొచ్చింది. వసంతానికి వచ్చేస్తుంది, వస్తుంది అనుకుంటూ ఉన్నాం. ఎవరి పనులు వాళ్ళకుంటాయి కదా.

ఒక శుక్రవారం మా వారపత్రిక వచ్చింది. చావుల పేజీ ముందు చదివి తర్వాతే మిగతాది చదువుతాం మేము. నా కొట్లో గుర్రం ఎథెల్ పత్రిక మొహానికి ఆనించి పట్టుకుని చదివింది. "మేరీ హార్ట్‌లీ, డెబ్భై ఒకటి. స్కిప్టన్ ఆసుపత్రిలో. గురువారం పదకొండు గంటలకు బార్లిక్ మెథడిస్టు చర్చిలో. తర్వాత ఫలహారం." అంతే. ఎవరి భార్యో, ఎవరి కూతురో లేదు.

"ఏ మేరీ హార్ట్‌లీయే ఇది?" అంది ఎథెల్.

"వీధి చివర మేరీ అయితే కాదు. పొద్దున్నే రెండు రొట్టెలు పట్టుకెళ్ళింది. చచ్చిపోయుంటే ఒక్కటే కొనేది," అన్నాను.

"కొండ మీద గొర్రెల మేరీ?"

"దాన్ని చంపడానికి ఇంకా ఎవరూ పుట్టలేదు."

మూడు టోపీల టామ్ బన్ను నములుతూ తేల్చేశాడు. వాడు చలికి ఒకదాని మీద ఒకటి టోపీలు పెట్టుకుంటాడు, అదీ వాడి పేరు. "స్కిప్టన్ అని వేశారు కదర్రా. ఇంకెవరు, నిక్కుల మేరీ. చలికాలం నుంచీ అక్కడ చెల్లెలి దగ్గరేగా ఉంది."

ఇంకేముంది, తేలిపోయింది. నిక్కుల మేరీ మా బడి పెద్ద పంతులమ్మ. పెళ్ళి చేసుకోలేదు, ఎవరింటికీ రాలేదు, ఎవర్నీ రమ్మనలేదు. ఊళ్ళో అందర్నీ రిజిస్టరులో ఉన్న పేరుతో పిలిచే మనిషి ఆవిడ ఒక్కతే. నన్ను రోడ్డు మీద చూసినా "హిల్డా పికిల్స్" అనే పిలిచేది.

"వెళ్తావా?" అంది ఎథెల్.

"నా అరచేతిలో ఆవిడ బెత్తం వాత ఇంకా ఉంది. ఎవరో ఒకళ్ళు వెళ్తార్లే," అన్నాను.

"గురువారం పింఛను రోజు కూడానూ," అన్నాడు టామ్.

ఆదివారం చర్చిలో పాస్టరు కూడా చదివాడు, మేరీ హార్ట్‌లీ అని. ఆయన లీడ్స్ నుంచి కొత్తగా వచ్చాడు. నాలుగు ఊళ్ళకి ఒక్కడే, మా మొహాలు కూడా తెలియవు. అందరం తలలొంచి "పాపం" అన్నాం. బయటికొచ్చి వంటల గురించి మాట్లాడుకున్నాం.

గురువారం సన్నగా తుంపర పడుతోంది. నా కొట్టుకి ఎదురుగానే చర్చి, చర్చికి ఇటు పోస్టాఫీసు, దాని పక్కన జుట్టు కత్తిరించే కొట్టు. పోస్టాఫీసులో పింఛను వరస గాజు తలుపు దాకా ఉంది. శవం బండి వచ్చి ఆగడం కిటికీలోంచి చూశాను. బండి వెనక ఒక్క కారు. "చూశావా, నిక్కుతో బతికితే ఇంతే," అని నాలో నేనే అనుకుంటూ పొయ్యిలోంచి బన్నుల పళ్ళెం తీశాను.

కొట్టు గంట మోగింది. నల్ల కోటు, నల్ల టోపీ, చేతిలో నల్ల గొడుగు. నిక్కుల మేరీ.

"ఏమ్మా హిల్డా పికిల్స్, ఇంకా కొట్టు కట్టెయ్యలేదేం?" అంది.

పళ్ళెం అప్పుడే పడింది. కాలు కాలిందని సాయంత్రం దాకా తెలియలేదు.

"ఏమిటలా చూస్తావ్? బస్సు దిగిన దగ్గర్నుంచీ అందరూ ఇదే చూపు. ఒకావిడ నన్ను చూసి రోడ్డు దాటి పారిపోయింది. నీకు ఒంట్లో బాగాలేదా?"

"మీరు... చచ్చిపోయారు కదండీ."

"నాకెవరూ చెప్పలేదు," అంది నిక్కుల మేరీ.

"మరి ఆ పెట్టెలో ఉన్నదెవరు?"

ఆవిడ నన్ను తెలివితక్కువ పిల్లని చూసినట్టు చూసింది. "మేరీ. లాకుల దగ్గర ఎడ్వర్డ్, మీరంతా నెడ్ అనేవారే, ఆయన కూతురు. నేనూ తనూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. నెల్సన్ నుంచి తెచ్చి స్కిప్టన్ ఆసుపత్రిలో పెట్టాక నేను వారానికోసారి వెళ్ళి చూసొచ్చాను, ఒకళ్ళూ రాలేదు మీరు. నీ పక్క మగ్గమేగా, నీకు తెలియకపోవడం ఏమిటి?"

కిటికీలోంచి చూశాను. కారులోంచి ఒక ముసలాయన దిగుతున్నాడు. పెద్ద చెవులు. హెర్బర్ట్.

పాలీ. మా పాలీ. బడిలో మేరీ, పెళ్ళిలో హార్ట్‌లీ. నాకు తెలుసు ఆ సంగతి. పెళ్ళికి నేనే పక్కన నిలబడ్డాను, పాస్టరు ఆ పేరు చదివితే విన్నాను. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా మళ్ళీ గుర్తు చేసుకునే అవసరం రాలేదు. శుక్రవారం నుంచీ గురువారం దాకా ఊరు ఊరంతా ఆ పేరు చదివింది, విన్నది, బన్నుతోపాటు నమిలి మింగింది. ఒక్కళ్ళకి, ఒక్కళ్ళకి తట్టలేదు.

ఆప్రాన్‌తోనే రోడ్డు దాటి పరిగెత్తాను.

మూడొందలమంది పట్టే చర్చి మాది. మిల్లులు కళకళలాడే రోజుల్లో కట్టింది. ముందు వరసలో హెర్బర్ట్ ఒక్కడే కూర్చున్నాడు. పక్కన ఉండాల్సిన వాళ్ళక్కకి మంచం దిగే ఓపిక లేదట. పాస్టరు, ఆర్గన్ వాయించే మనిషి, పెట్టె మోసుకొచ్చిన నలుగురు, మధ్యలో పెట్టె. మిగతాదంతా వట్టి బల్లలు, పాలిష్ మెరుస్తూ. నా అడుగు చప్పుడుకి హెర్బర్ట్ గబుక్కున వెనక్కి తిరిగాడు. నన్ను చూసి, నా వెనక చూశాడు.

"నువ్వొక్కదానివేనా హిల్డా?"

పక్కన కూర్చున్నాను.

"కింద గదిలో వందమందికి పెట్టించాను. హామ్. నెల్సన్ నుంచి వంటవాళ్ళని తెచ్చాను. ఆవిడ స్నేహితురాళ్ళు ఆ రోజు పని చెయ్యకూడదు, కూర్చుని తినాలి అనిపించింది. అందుకే ఎవరికీ చెప్పలేదు, పేపర్లో వేయిస్తే చాలనుకున్నాను." అన్ని మాటలు వాడి నోట ఒక్కసారి ఎప్పుడూ వినలేదు. టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూనే ఉన్నాడు. "నేను అవతలివాణ్ణనా హిల్డా? నామీద ఏదైనా ఉంటే నాతో చూసుకోవాలిగానీ. ఆవిడ ఏం చేసింది మీకు?"

వాడు నలభై ఏళ్ళుగా నవ్వుతూ విన్నవన్నీ దాచుకున్నాడు కాబోలు. ఇవాళ వట్టి బల్లలు చూసి అన్నీ నిజమనుకున్నాడు. నిజం చెప్పబోయాను. ఎవరో అనుకుని రాలేదయ్యా అంటే వాడు నమ్మడు. నేనైనా నమ్మను. మెట్ల మీద జనాన్ని చూపిస్తే నమ్ముతాడు, అంతే.

పాస్టరు గడియారం చూసుకుని పుస్తకం తెరిచాడు. నేను వెనక్కి తిరిగాను. నిక్కుల మేరీ లోపలికి వచ్చి నిలబడి ఉంది. మిల్లులో ఒక్క రోజు కూడా పని చెయ్యని మనిషి, మూతి మాటలు రావు. అయినా నా మొహం చూసి ఏం అర్థమైందో, గొడుగు కర్రలా ఆనించుకుంటూ ఆ నడవ మధ్యలోంచి ముందుకెళ్ళింది.

"పాస్టరు గారూ, కూర్చోండి," అంది. "ఇంకా హాజరు పూర్తి కాలేదు."

పాపం ఆయన కూర్చున్నాడు. ఆ గొంతుకి ఎవరైనా కూర్చుంటారు.

నేను చర్చి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. వెనక తలుపు తెరిచే ఉంది, లోపల పెట్టె ఉంది, హెర్బర్ట్ ఉన్నాడు. చర్చి మెట్ల మీద నిలబడి చావు కబురు అరిస్తే ఆ మనిషి ఇంకేం మిగులుతాడు? ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి చెప్పే వ్యవధి లేదు. ఎదురుగా పోస్టాఫీసు గాజు తలుపు, అవతల వరసలో మూడు టోపీల టామ్. చెయ్యి ఊపాను. వాడు చూశాడు.

పెదాలు సాగదీశాను, షెడ్డులోలాగా. "పెట్టెలో ఉన్నది నిక్కుల మేరీ కాదు."

టామ్ మూతి కదిలింది. "మరెవరు?"

"లాకుల పాలీ."

టామ్ తల అడ్డంగా ఊపాడు. "పాలీ నెల్సన్‌లో ఉంది."

"చచ్చిపోయింది. పేపర్లో వేసింది పాలీనే. చర్చిలో ఎవ్వరూ లేరు. హెర్బర్ట్ ఒక్కడే. రండి."

వాడి మొహంలో రక్తం దిగిపోవడం రోడ్డు ఇవతల్నుంచి చూశాను. టోపీలు తీశాడు. ఒకటి, రెండు, మూడూ తీశాడు. వాడి నెత్తి నేను చూడడం అదే మొదలు. ఆ వెనకావిడకి తిరిగి మూతితో చెప్పాడు. ఆవిడ తన వెనకావిడకి. ఆ గాజు వెనక వరసంతా చప్పుడు లేకుండా పెదాలు కదిలాయి, ఒక్కో మొహమే పాలిపోయింది. పక్క కొట్లో అద్దం ముందు కూర్చున్న ఎథెల్, జుట్టు నిండా రోలర్లతో, అద్దంలోనే నా మూతి చదివిందట. ఒళ్ళో గుడ్డ విసిరేసి లేచింది. బస్సు ఆగే చోట నలుగురు ఆడవాళ్ళు ఎక్కబోయిన బస్సు దిగారు. ఇదంతా జరుగుతుంటే వీధిలో తుంపర చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

బార్లిక్‌లో పింఛను వరస యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు కూడా చెదరలేదంటారు. ఆ రోజు చెదిరింది. సంచులతో, గొడుగులతో, ఇంటి చెప్పులతో వచ్చారు. మాంసం కొట్టువాడు నెత్తుటి ఆప్రాన్‌తో వచ్చాడు. ఎథెల్ రోలర్ల మీద రుమాలు కట్టుకుని వచ్చింది. లోపలికెళ్ళి పెట్టెని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వెనక వీధుల్లోంచి ఇంకా వస్తూనే ఉన్నారు, ఎవరు చెప్పారో, ఎవరి మూతి ఎవరు చదివారో. కింద నిండింది, మేడ నిండింది.

నేను తలుపు దగ్గర్నుంచి చూస్తున్నాను. మేడ మెట్ల మీద మొదటి మనిషి నిలబడ్డాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత మెట్లు కనపడలేదు.

హెర్బర్ట్ వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగి, మళ్ళీ చూశాడు. నిక్కుల మేరీ లేచి పాస్టరుకి తల ఊపింది. "ఇప్పుడు మొదలుపెట్టండి." పాట ఎత్తుకుంటే కిటికీలు అదిరాయి. మాకు పాడడం వచ్చు, వేరే ఏమీ రాకపోయినా.

మట్టి చేసి వచ్చాక కింద గదిలో చూస్తే నెల్సన్ వంటవాళ్ళు తెల్లబోయి నిలబడ్డారు. వందమందికి పెట్టిన చోట మూడొందలు దాటారు. హామ్ ముక్కలు చెప్పు అట్టల్లాగా ఉన్నాయి. నేను కత్తి లాక్కున్నాను. ఒక్కో ముక్కనీ అడ్డంగా మూడు పొరలు తీశాను. అందరికీ వచ్చింది. పాలీ ఉంటే ఇంకా పల్చగా కోసేది, అది వేరే మాట.

హెర్బర్ట్ టీ కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అందరూ వాడి చెయ్యి పట్టుకుని, మేరీ అంటే ఎవరో తెలియలేదయ్యా అని చెప్పారు. టామ్ అయితే చెప్పలేక ఏడిచాడు. వాడు అందరికీ తల ఊపాడు.

నాకు ఆగలేదు. "ఎందుకయ్యా అలా వేయించావు? లాకుల పాలీ అని వేస్తే కొండ మీద గొర్రెలు కూడా దిగొచ్చేవి కదా. నీకు తెలీదా ఊరు ఏమని పిలుస్తుందో?"

"తెలుసు," అన్నాడు. కప్పులోకి చూశాడు. "ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదటిసారి కలిసినప్పుడు, నీ పేరేమిటి అని అడిగాను. నవ్వింది. పుట్టిన దగ్గర్నుంచీ నన్నెవరూ ఆ మాట అడగలేదు, అందరికీ తెలుసు కదా అంది. తర్వాత చెప్పింది, మేరీ అని. చెప్పి సిగ్గుపడింది. ఇంట్లో ఎప్పుడూ అలాగే పిలిచాను. అదే వేయించాను, హిల్డా. ఆ పేరు మనిషి నాకు తప్ప ఎవరికీ తెలియదని నాకు తట్టలేదు."

కత్తి బల్ల మీద పెట్టేశాను. పేరు పిలవగానే వచ్చేవాళ్ళు వచ్చారన్నమాట. ఆ పేరుకి వచ్చేది వాడొక్కడే.

సమాధి రాయి వేసిన రోజు నేనూ వెళ్ళాను. వీట్స్ కొండ మీంచి గాలి విసురుగా వస్తోంది. రాయి మీద ఏమని చెక్కించాడోనని ముందు నుంచీ గుబులుగానే ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. లాకుల పాలీ, అంతే. కింద సంవత్సరాలు. మేరీ లేదు, హార్ట్‌లీ లేదు.

"నీ పేరు కూడా వెయ్యలేదేమయ్యా?" అన్నాను.

"ఇది ఊరికి కదా," అన్నాడు హెర్బర్ట్. "ఆ రెండోది నా దగ్గరుంటుంది."

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడవడం ఇష్టంలేక రాయి వైపు తిరిగి, పెదాలు సాగదీసి, పాలీకి చెప్పాల్సింది చెప్పాను. మేడ మెట్ల మీద కూడా నిలబడ్డారే. నీ కాలు నొప్పెట్టుకుని లేచి రానక్కర్లేదు.

హెర్బర్ట్ నా మూతి వంక చూస్తూ ఉన్నాడు. "ఏమన్నావ్ హిల్డా?"

నలభై ఏళ్ళుగా వాడి ముందు మూతితో ఎన్నో అన్నాను. వాడు అడగడం అదే మొదటిసారి. అందుకని ఈసారి గొంతుతో చెప్పాను.